ఉద్యోగంలో పడ్డాక ఏం చదవాలి? పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో చాలావరకు సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలో ఉన్నవారివి, ఆ ఉద్యోగానికి సిద్ధమవుతున్నవారివి, ఇంట్లో అటువంటి పిల్లలున్న తల్లిదండ్రులవి. ఏ లాంగ్వేజ్ నేర్చుకోవాలి, ఏ సర్టిఫికేషన్ చేయాలి అన్న ప్రశ్నలకు కోచింగ్ సెంటర్లలో జవాబులు దొరుకుతాయి కనుక వాటిని పక్కన పెట్టి, పనిముట్లు మారిపోయినా విలువ తగ్గని పుస్తకాలనూ నివేదికలనూ మాత్రమే ఇక్కడ చెబుతున్నాను. పనిలో ఎదురైన చిక్కుకు సరిపడే ఒక్క పుస్తకాన్ని, ఆ చిక్కు ఇంకా తీరకముందే చదివితే కలిగే మేలు, పాతిక పేర్ల జాబితాను దాచుకుంటే కలగదని నా గట్టి నమ్మకం. అందువల్ల ఏ ఉత్తరానికీ పొడవైన జాబితా ఇవ్వలేదు.

ప్రశ్న: మూడేళ్లుగా ఒక బీమా క్లయింటు సపోర్ట్ ప్రాజెక్టులో ఉన్నాను. కోడ్ చాలా పాతది. రాసినవారు ఎవరూ ఇప్పుడు కంపెనీలో లేరు, డాక్యుమెంట్లు లేవు. ఒకచోట ముట్టుకుంటే ఇంకోచోట తప్పు బయటపడుతోంది. రిలీజ్ అంటేనే భయం వేస్తోంది. కొత్త ప్రాజెక్టుల్లో ఉన్న స్నేహితులు చదివే పుస్తకాలు నా పనికి అక్కరకు రావడం లేదు. మాలాంటివారి కోసం ఎవరైనా రాశారా? (ఒక పాఠకురాలు, గచ్చిబౌలి)

జవాబు: రాశారు. మైకేల్ ఫెదర్స్ 2004లో ప్రచురించిన ‘వర్కింగ్ ఎఫెక్టివ్‌లీ విత్ లెగసీ కోడ్’ అచ్చంగా మీ పరిస్థితిలో ఉన్నవారి కోసమే రాసిన పుస్తకం. ఆయన దృష్టిలో పాతదంతా లెగసీ కోడ్ కాదు. టెస్టులు (కోడ్ అనుకున్నట్టు నడుస్తోందో సరిచూసే చిన్న ప్రోగ్రాములు) లేని కోడ్ నిన్న రాసినదైనా సరే లెగసీ కోడే. ఈ ఒక్క నిర్వచనంతో మీ సమస్య స్వరూపమే మారిపోతుంది. కోడ్ వయసును మీరు తగ్గించలేరు గానీ, దానికి టెస్టులను మాత్రం ఒక్కొక్కటిగా చేర్చగలరు.

ఆయన చెప్పే పద్ధతిని మీ పనికే అన్వయించి చూద్దాం. ప్రీమియం లెక్కగట్టే ఫంక్షన్ (కోడ్‌లో ఒక పని చేసిపెట్టే భాగం) ఒకటి ఎనిమిది వందల లైన్లు ఉందనుకోండి. 45 ఏళ్ల వ్యక్తికి 10 లక్షల పాలసీ అని ఇస్తే అది ఎంత చూపించాలో టీంలో ఎవరూ చెప్పలేరు. అప్పుడు ఆ ఫంక్షన్‌ను పిలిచే ఒక టెస్టు రాసి, జవాబు సున్నా రావాలని అందులో కావాలనే తప్పుగా పెట్టాలి. నడిపిన వెంటనే టెస్టు ఫెయిలై, సున్నాకు బదులు 18,432 వచ్చిందని చెబుతుంది. ఆ అంకెను తీసుకొచ్చి సున్నా ఉన్నచోట పెడితే టెస్టు పాసవుతుంది. 18,432 సరైన ప్రీమియం అవునా కాదా అన్నది ఈ దశలో తేల్చవలసిన విషయం కాదు. ఈరోజు ఈ కోడ్ ఏం చేస్తున్నదో అది రాతపూర్వకంగా నమోదైంది, అంతే. వేర్వేరు వయసులకూ వేర్వేరు మొత్తాలకూ ఇలాంటివి కొన్ని రాసుకున్న తరువాత లోపల ఏ లైను మార్చినా, మీరు అనుకోనిది మారితే ఆ క్షణమే తెలిసిపోతుంది. రిలీజ్ రోజున క్లయింటు చెబితే తెలిసే సంగతి, మీ సీటులోనే మీకు తెలుస్తుంది.

ఆ ఫంక్షన్ నేరుగా డేటాబేస్‌తో మాట్లాడుతుంటే టెస్టు రాయడం ఎలా అన్నది తరువాతి చిక్కు. పుస్తకంలో ఎక్కువ పేజీలు దానికే కేటాయించారు. అధ్యాయాల పేర్లు ప్రోగ్రామర్లు వాపోయే మాటల్లాగే ఉంటాయి: మార్చాలి గానీ వ్యవధి లేదు, ఈ క్లాస్ ఇప్పటికే చాలా పెద్దది, ఇంకా పెంచడం ఇష్టం లేదు, ఇలా. కాబట్టి మొదటి పేజీ నుంచి వరుసగా చదవనక్కరలేదు. ఈ వారం మీ చేతిలో ఉన్న టికెట్‌కు, అంటే మీకు అప్పగించిన మార్పుకు, ఏ అధ్యాయం దగ్గరగా ఉందో దానితో మొదలుపెట్టండి. ఉదాహరణలు ప్రధానంగా జావా, సీ ప్లస్ ప్లస్, సీ భాషల్లో ఉంటాయి. మీరు పాత భాష అయిన కోబాల్‌లో పనిచేస్తున్నా ఆలోచన పనికొస్తుంది. టెస్టులు కొన్ని కుదురుకున్నాక, కోడ్ చేసే పని మారకుండా దాని రూపాన్ని చక్కదిద్దడం నేర్పే మార్టిన్ ఫౌలర్ ‘రీఫ్యాక్టరింగ్’ తీసుకోండి. ఈ వరుసను మాత్రం తారుమారు చేయకండి. టెస్టులు లేకుండా కోడ్‌ను చక్కదిద్దబోతే మీ భయం నిజమవుతుంది.

సపోర్ట్ ప్రాజెక్టు అంటే తక్కువ రకం పని అన్న భావన మన ఆఫీసుల్లో పాతుకుపోయింది. దానితో నేను ఏమాత్రం ఏకీభవించను. పదిమంది రోజూ వాడుకునే వ్యవస్థను ఆపకుండా బాగుచేయగలిగినవారికి, ఖాళీ ఫైలుతో మొదలుపెట్టేవారికి అందని విద్య అబ్బుతుంది.

ప్రశ్న: నేను టీం లీడ్‌ని. మా ప్రాజెక్టు గడువు దాటిపోయింది. ఐదుగురం ఉన్నాం, పని త్వరగా ముగుస్తుందని పైవారు మరో నలుగురిని ఇస్తామంటున్నారు. వద్దంటే అహంకారమనుకుంటారు, సరేనంటే ఏమవుతుందో నాకు అర్థమవుతోంది. వారికి ఇవ్వదగిన పుస్తకం చెప్పండి. (ఒక పాఠకుడు, విశాఖపట్నం)

జవాబు: ఫ్రెడ్ బ్రూక్స్ రాసిన ‘ది మిథికల్ మ్యాన్-మంత్’ ఇవ్వండి. ఐబీఎం సంస్థ సిస్టమ్/360 కంప్యూటర్ల కోసం తలపెట్టిన ఓఎస్/360 అనే భారీ ఆపరేటింగ్ సిస్టమ్‌కు బ్రూక్స్ సారథ్యం వహించారు. ఆ పని అనుకున్న సమయానికి పూర్తి కాలేదు. ఎందుకు కాలేదో ఏళ్ల తరబడి ఆలోచించి 1975లో ఈ పుస్తకం రాశారు. ఆలస్యమైన సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టుకు మనుషులను చేరిస్తే అది మరింత ఆలస్యమవుతుందన్న ఆయన సూత్రం చాలామందికి నోటికి వచ్చు గానీ, దాని వెనుక ఉన్న లెక్కను చూసినవారు తక్కువ.

ఆ లెక్క మీ టీంకే వేసి చూపించవచ్చు. ఐదుగురు ఉన్నప్పుడు ఇద్దరిద్దరి మధ్య జరగవలసిన సంభాషణలు పది. తొమ్మిదిమంది అయితే అవి 36. మనుషులు రెట్టింపు కూడా కాలేదు, మాట్లాడుకోవలసిన దారులు మూడున్నర రెట్లు దాటాయి. పైగా కొత్తగా వచ్చిన నలుగురికీ పని నేర్పవలసింది పాత ఐదుగురే కనుక, సరిగ్గా గడువు ముంచుకొచ్చిన వారాల్లోనే వారి చేతులు ఖాళీగా ఉండవు. కోత కోయడం వంటి పనిని పదిమంది పంచుకోవచ్చు. ఒకరి నిర్ణయం మీద ఇంకొకరి నిర్ణయం ఆధారపడే పనిని అలా పంచలేమని బ్రూక్స్ ఓపికగా వివరిస్తారు. మీ మేనేజరుకు పుస్తకమంతా చదివే తీరిక లేకపోతే, పుస్తకానికి ఆ పేరు తెచ్చిన అధ్యాయం ఒక్కటే ఇవ్వండి. దానితోపాటు నలుగురికి బదులు ఏది కావాలో కూడా చెప్పండి: ఈ రిలీజ్ నుంచి తీసివేయగల ఫీచర్లు ఏవి, గడువు ఎన్ని వారాలు జరగాలి అన్నవి కాగితం మీద ఉంటే మీ మాటను అహంకారంగా ఎవరూ తీసుకోరు.

పుస్తకంలో కాలం చెల్లిన భాగాలు ఉన్నాయి. మెమరీ ఖరీదు గురించీ, టైపు చేసే సెక్రటరీల గురించీ రాసినవి ఈనాటి పాఠకులు దాటవేయవచ్చు. 1995 ముద్రణలో బ్రూక్స్ తన పాత అభిప్రాయాలను తానే ఒక్కొక్కటిగా పరీక్షించుకున్నారు. మాడ్యూల్ (ప్రోగ్రాములో ఒక విడి భాగం) లోపలి వివరాలను బయటివారికి కనిపించకుండా దాచాలన్న కంప్యూటర్ శాస్త్రవేత్త డేవిడ్ పార్నస్ వాదనే సరైనదనీ, తాను పొరబడ్డాననీ అందులో స్పష్టంగా రాశారు. ఇరవై ఏళ్ల తరువాత తన పుస్తకంలోనే అలా రాయగలిగిన రచయితను నమ్మి చదవవచ్చు. ఆయన 1986 నాటి వ్యాసం ‘నో సిల్వర్ బులెట్’ కూడా ఆ ముద్రణలో ఉంది. సాఫ్ట్‌వేర్ కష్టంలో కొంత పనిముట్ల లోపం వల్ల వచ్చినదనీ, మిగిలినది పని స్వభావంలోనే ఉన్నదనీ ఆయన విడదీసి చూపిస్తారు. కోడ్ రాసిపెట్టే కృత్రిమ మేధ ఇంటింటికీ వచ్చిన ఈ రోజుల్లో ఆ వ్యాసాన్ని మళ్లీ చదవడం చాలా అవసరం. ఆ మేధ వీటిలో ఏ కష్టాన్ని తగ్గిస్తున్నదో మీ ప్రాజెక్టులోనే పరిశీలించవచ్చు.

ప్రశ్న: ఇంజినీరింగ్ రెండో సంవత్సరం చదువుతున్నాను. పదో తరగతి వరకు తెలుగు మీడియం. లావుపాటి ఇంగ్లిష్ పుస్తకాలు తెరిస్తే రెండు పేజీలకే ఆగిపోతున్నాను. ఇంటర్వ్యూ ప్రశ్నల నోట్సు బట్టీపట్టడమే దారా? (ఒక విద్యార్థి, నరసరావుపేట)

జవాబు: కాదు. లావుపాటి పుస్తకంతో మొదలుపెట్టడం వల్లే ఈ ఇబ్బంది వచ్చింది. బ్రయాన్ కెర్నిగాన్, డెనిస్ రిచీ కలిసి రాసిన ‘ది సీ ప్రోగ్రామింగ్ లాంగ్వేజ్’ మొదట 1978లో వచ్చింది. సీ భాషను రూపొందించిన రిచీయే రచయితల్లో ఒకరు. రెండో ముద్రణ మూడు వందల పేజీలకు లోపే ఉంటుంది. వాక్యాలు చిన్నవి, అనవసరమైన మాట ఉండదు. ఇంగ్లిష్ తక్కువ వచ్చినవారికి ఇంతకంటే అనువైన సాంకేతిక పుస్తకం నాకు కనిపించలేదు.

దీన్ని చదివే తీరు ముఖ్యం. మొదటి అధ్యాయంలో ఒక ఫైలులో అక్షరాలు ఎన్ని, లైన్లు ఎన్ని, పదాలు ఎన్ని అని లెక్కించే చిన్న చిన్న ప్రోగ్రాములు వస్తాయి. పదాలు లెక్కించే ప్రోగ్రాము చూడండి. ఇప్పుడు మనం ఒక పదం లోపల ఉన్నామా, బయట ఉన్నామా అన్నది ఒక వేరియబుల్ గుర్తుపెట్టుకుంటుంది. ఖాళీ గానీ, ట్యాబ్ గానీ, కొత్త లైను గానీ వస్తే బయటికి వచ్చినట్టు. బయట ఉండగా మరో అక్షరం కనిపిస్తే కొత్త పదం మొదలైనట్టు, లెక్కకు ఒకటి కలుస్తుంది. ఇరవై లైన్లకు కాస్త అటూఇటూగా ఉండే ఈ ప్రోగ్రామును కాపీ చేసి అతికించకుండా మీ చేత్తో టైపు చేయండి. తరువాత మీ పేరున్న తెలుగు వాక్యం ఒకటి దానికి ఇచ్చి చూడండి. పదాల లెక్క సరిగానే వస్తుంది. అక్షరాలు లెక్కించే ప్రోగ్రాముకు అదే వాక్యం ఇస్తే మాత్రం మీరు అనుకున్నదానికంటే చాలా పెద్ద అంకె వస్తుంది. ఎందుకంటే ఆ ప్రోగ్రాము లెక్కించేది బైట్లను, అంటే కంప్యూటర్ నిల్వలోని చిన్న గడులను. అక్షరాలను కంప్యూటర్‌లో దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో ‘అ’ ఒక్కటే మూడు బైట్లు, గుణింతం గుర్తుకు మరో మూడు. ఆ తేడా ఎందుకు వచ్చిందో వెతుక్కుంటూ వెళితే యూనికోడ్ అంటే ఏమిటో మీకు ఎవరూ చెప్పకుండానే తెలుస్తుంది. ఇంటర్వ్యూలో మిమ్మల్ని నిలబెట్టేవి ఇటువంటి అనుభవాలే.

పేజీ పక్కన మీకు అర్థమైనది తెలుగులోనే రాసుకోండి, అందులో చిన్నతనం ఏమీ లేదు. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డేవిస్ ప్రాంగణంలో కంప్యూటర్ సైన్సు ఆచార్యుడిగా పనిచేసిన వేమూరి వేంకటేశ్వరరావు గారు జీవశాస్త్రం మీద ‘జీవరహస్యం’, రసాయనం మీద ‘రసగంధాయ రసాయనం’ తెలుగులోనే రాశారు. వాటిని చదివితే శాస్త్రాన్ని మన భాషలో ఆలోచించుకోవచ్చునన్న ధైర్యం వస్తుంది. సీ పుస్తకం పూర్తయ్యాక ఎబెల్సన్, సస్‌మన్‌లు రాసిన ‘స్ట్రక్చర్ అండ్ ఇంటర్‌ప్రిటేషన్ ఆఫ్ కంప్యూటర్ ప్రోగ్రామ్స్’ ప్రయత్నించండి. ఎంఐటీ ప్రెస్ దాన్ని ఇంటర్నెట్‌లో ఉచితంగా ఉంచింది. అది కష్టమైన పుస్తకం. ఒక్క అధ్యాయానికి ఒక సెమిస్టరు పట్టినా నష్టం లేదు.

ప్రశ్న: నేను టెస్టింగ్ విభాగంలో ఉన్నాను. ఖర్చు తగ్గించడానికి రిగ్రెషన్ టెస్టులు (కొత్త మార్పుల వల్ల పాతవి చెడలేదని సరిచూసేవి) సగానికి కుదించమంటున్నారు. ఇన్నాళ్లుగా పెద్ద తప్పులేవీ రాలేదు కదా అన్నది వారి వాదన. దీనికి సమాధానం ఎక్కడ దొరుకుతుంది? (ఒక పాఠకురాలు, మాదాపూర్)

జవాబు: దీనికి నేను పుస్తకం కాక రెండు నివేదికలు చెబుతాను. రెండూ ఉచితంగా దొరుకుతాయి, రెండూ సాఫ్ట్‌వేర్‌లో ఉన్న ప్రతి ఒక్కరూ చదవవలసినవి.

మొదటిది భౌతిక శాస్త్రవేత్త రిచర్డ్ ఫైన్‌మన్ రాసినది. 1986 జనవరి 28న ఛాలెంజర్ అంతరిక్ష నౌక ఎగిరిన 73 సెకన్లకు విచ్ఛిన్నమై ఏడుగురు వ్యోమగాములు మరణించారు. విచారణ సంఘంలో సభ్యుడైన ఫైన్‌మన్ తన పరిశీలనలను విడిగా రాయగా, అవి సంఘం నివేదికకు ‘అపెండిక్స్ ఎఫ్’గా చేరాయి. నౌక కూలిపోయే అవకాశం ఎంత అని అడిగితే ఇంజినీర్లు నూటికి ఒకటి అన్నారు, యాజమాన్యం లక్షకు ఒకటి అంది. లక్షకు ఒకటి అంటే రోజుకొక నౌక చొప్పున మూడు వందల ఏళ్లు ఎగరేస్తే ఒక్కటి మాత్రమే పోవాలని ఫైన్‌మన్ లెక్కగట్టి, అంత ధీమా ఎక్కడి నుంచి వచ్చిందని నిలదీశారు. రాకెట్ల అతుకుల్లో వాయువు బయటికి రాకుండా బిగించే రబ్బరు ఓ-రింగులు కాలిన జాడలు అంతకుముందు ప్రయోగాల్లోనే కనిపించాయి. అయినా నౌకలు తిరిగి వచ్చాయి కనుక ప్రమాదం లేదని తీర్మానించుకున్నారు. ‘ఇన్నాళ్లుగా ఏమీ కాలేదు’ అన్న మీ వారి వాదన సరిగ్గా ఇదే.

మీకు మరింత అక్కరకు వచ్చే భాగం చివర ఉంది. అదే నౌకలోని సాఫ్ట్‌వేర్ బృందం పనిని ఫైన్‌మన్ మనసారా మెచ్చుకున్నారు. వారు కింది స్థాయి నుంచి ఒక్కొక్క భాగాన్నీ పరీక్షించుకుంటూ పోయేవారు. పరీక్షించేవారు రాసినవారికి ప్రత్యర్థుల్లా నిలబడి తప్పులు వెతికేవారు. అయితే అక్కడ కూడా, ఇన్ని పరీక్షలు ఖర్చు దండగ, తగ్గించండి అన్న ఒత్తిడి మొదలైందనీ, దాన్ని తప్పక ప్రతిఘటించాలనీ ఆయన రాశారు. ఒక చిన్న మార్పు వేరే భాగాన్ని ఎలా దెబ్బతీస్తుందో ముందుగా చెప్పలేం కనుకనే మొత్తం పరీక్షించాలన్నది ఆయన వాదం. ఆ పేరాను యథాతథంగా మీ మేనేజరుకు పంపవచ్చు.

రెండవది థెరాక్-25 ప్రమాదాల మీద నాన్సీ లెవిసన్, క్లార్క్ టర్నర్ 1993లో ప్రచురించిన పరిశోధన. థెరాక్-25 క్యాన్సర్ రోగులకు రేడియేషన్ చికిత్స చేసే యంత్రం. 1985 జూన్ నుంచి 1987 జనవరి వరకు అమెరికా, కెనడాల్లో అది ఆరుగురికి విపరీతమైన మోతాదు ఇచ్చింది, ప్రాణాలు పోయాయి. టెక్సస్‌లోని టైలర్ పట్టణంలో 1986లో జరిగింది చూడండి. ఆపరేటరు ఎలక్ట్రాన్ చికిత్సకు ‘ఇ’ నొక్కడానికి బదులు ఎక్స్-రేకు ఉద్దేశించిన ‘ఎక్స్’ నొక్కారు. వెంటనే గమనించి, కర్సర్‌ను పైకి జరిపి సరిదిద్ది, మిగిలిన గడులన్నీ ఎంటర్ కొడుతూ చకచకా దాటి, కిరణాన్ని మొదలుపెట్టే ‘బి’ నొక్కారు. యంత్రంలోని అయస్కాంతాలు సర్దుకోవడానికి దాదాపు ఎనిమిది సెకన్లు పడుతుంది. ఆ ఎనిమిది సెకన్లలోపు చేసిన సవరణను సాఫ్ట్‌వేర్ గ్రహించలేదు. తెర మీద ‘మాల్‌ఫంక్షన్ 54’ అని మాత్రం వచ్చింది. అటువంటి సందేశాలు రోజూ వచ్చేవే కనుక కొనసాగించడానికి ‘పి’ నొక్కారు. రోగికి రెండోసారి దెబ్బ తగిలింది.

అంత మోతాదు ఇవ్వడం ఈ యంత్రానికి అసాధ్యమని తయారీదారు సమాధానం. కొద్ది వారాల్లోనే అదే ఆసుపత్రిలో రెండో ప్రమాదం జరిగినప్పుడు, అక్కడి భౌతిక శాస్త్రవేత్త ఆ ఆపరేటరును పక్కన కూర్చోబెట్టుకుని, ఏ వేగంతో టైపు చేస్తే ఆ సందేశం వస్తుందో పదేపదే ప్రయత్నించి పట్టుకున్నారు. నెమ్మదిగా టైపు చేస్తే తప్పు బయటపడదు. చేయి తిరిగిన ఆపరేటరు వేగంతో చేస్తేనే వస్తుంది. ఒక టెస్టరు చేయగల అత్యుత్తమమైన పని ఇంతకంటే ఏముంటుంది?

ఇంతకుముందు వచ్చిన థెరాక్-20 నమూనాలోనూ అదే తప్పు ఉందని తరువాత తేలింది. దానిలో విడిగా హార్డ్‌వేర్ రక్షణలు ఉండటం వల్ల ఫ్యూజులు ఎగిరిపోయేవి, ఎవరికీ హాని జరగలేదు. కొత్త యంత్రంలో ఆ రక్షణలు తీసివేసి భారమంతా సాఫ్ట్‌వేర్ మీద వేశారు. 1987లో వాషింగ్టన్ రాష్ట్రంలోని యాకిమాలో జరిగిన ప్రమాదానికి కారణం వేరు. ఒక బైటు వేరియబుల్‌కు ఒకటి అని విలువ ఇవ్వడానికి బదులు ప్రతిసారీ ఒకటి కలుపుతూ పోయారు. ఒక బైటులో 255 వరకే పడుతుంది కనుక 256వ సారి అది మళ్లీ సున్నా అవుతుంది, సున్నా అయితే తనిఖీ జరగదు. ఏ టెస్టులు దండగ అని ముందే తేల్చేయాలనుకునేవారు ఈ రెండు తప్పులనూ ఎదురుగా పెట్టుకుని మాట్లాడాలి.

ప్రశ్న: మేము రిటైరైన ఉపాధ్యాయులం. మా అబ్బాయి ఒక కన్సల్టెన్సీ ద్వారా అమెరికా వెళ్లాడు. ఒకసారి ప్రాజెక్టు ఉందంటాడు, ఒకసారి బెంచ్ మీద ఉన్నానంటాడు. గట్టిగా అడిగితే బాధపడతాడేమోనని ఊరుకుంటున్నాం. ఆ లోకం మాకు అర్థమయ్యేలా ఎవరైనా రాశారా? (దంపతులు, హనుమకొండ)

జవాబు: మీ ప్రశ్నకు నేరుగా సంబంధించిన పుస్తకం ఒకటి ఉంది, దాన్ని రాసినది చైనాకు చెందిన మానవశాస్త్రవేత్త షియాంగ్ బియావ్. పేరు ‘గ్లోబల్ బాడీ షాపింగ్’, 2007లో ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయం ప్రచురించింది. ఆయన ఆస్ట్రేలియాలోని సిడ్నీలో భారతీయ సాఫ్ట్‌వేర్ ఉద్యోగుల మధ్య, ఆ తరువాత హైదరాబాదులో తిరిగి పరిశోధన చేశారు. ఆయన కలిసినవారిలో ఎక్కువమంది తెలుగువారే. కన్సల్టెన్సీ ఒక మనిషిని ఎలా తీసుకువెళుతుంది, క్లయింటు ఇచ్చే డబ్బులో ఎంతమంది మధ్యవర్తులు వాటా తీసుకుంటారు, పని లేని రోజుల, అంటే బెంచ్ మీద ఉన్న రోజుల, నష్టాన్ని ఉద్యోగి మీదికి ఎలా నెడతారు అన్నవన్నీ అందులో ఉన్నాయి. కథ అక్కడితో ఆగదు. ఆ కుర్రవాడి చదువుకు ఊళ్లో ఎవరు పెట్టుబడి పెట్టారు, విదేశీ ఉద్యోగం కట్నం మొత్తాన్ని ఎలా పెంచింది అన్న సంగతుల వరకు వెళుతుంది. మనం ఇళ్లల్లో గొంతు తగ్గించి మాట్లాడుకునే విషయాలను బయటివాడు నిదానంగా, ఎవరినీ కించపరచకుండా రాశాడు. పరిశోధన గ్రంథం కనుక భాష కొంత బరువుగా ఉంటుంది. నియమాలు అప్పటికీ ఇప్పటికీ కొంత మారాయని గుర్తుంచుకుని చదవండి.

మీ అబ్బాయితో మాట్లాడటానికి మాత్రం ఇంకో పుస్తకం మేలనుకుంటాను. ట్రేసీ కిడర్ 1981లో రాసిన ‘ది సోల్ ఆఫ్ ఎ న్యూ మెషిన్’ పులిట్జర్ బహుమతి పొందింది. డేటా జనరల్ అనే అమెరికన్ కంపెనీలో కొందరు కుర్ర ఇంజినీర్లు పగలూ రాత్రీ కష్టపడి ఒక కంప్యూటర్‌ను తయారుచేసిన కథ అది. ఒప్పుకున్న పని కోసం మనుషులు ఎంత అరిగిపోతారో అందులో కనిపిస్తుంది. ఒక ఇంజినీరు సెకనులో వంద కోట్లవ వంతు లెక్కలతో విసిగిపోయి, తాను వెర్మాంట్‌లోని ఒక కమ్యూన్‌కు వెళుతున్నాననీ, ఇకపై ఒక రుతువు కంటే తక్కువ కాలంతో తనకు సంబంధం ఉండదనీ చీటీ రాసిపెట్టి వెళ్లిపోతాడు. మీరు ముందు చదివి ఆ సంఘటన గురించి మీ అబ్బాయిని అడగండి. ప్రాజెక్టు ఉందా లేదా అని అడగడం కంటే, అక్కడ పని ఎలా ఉంటుందని అడిగితే తను కూడా మాట్లాడతాడు.

ప్రశ్న: ఇరవై ఏళ్లుగా కంప్యూటర్ల పుస్తకాలు తప్ప ఏమీ చదవలేదు. ఇతర శాస్త్రాల గురించి నాకూ, తెలుగు చదవగలిగే మా అమ్మాయికీ ఏవైనా చెప్పండి. (ఒక పాఠకుడు, డాలస్)

జవాబు: అమ్మాయికి నండూరి రామమోహనరావు గారి ‘విశ్వరూపం’ ఇవ్వండి. ఖగోళం గురించి తెలుగులో అంత హాయిగా చదివించే పుస్తకాలు అరుదు. ఆ తరువాత మహీధర నళినీమోహన్ గారి ‘క్యాలెండర్ కథ’ బాగుంటుంది. తేదీలతో తంటాలు పడిన ప్రోగ్రామర్లందరూ దాన్ని చదవాలని కూడా నా సలహా.

మీకు ఎస్.పి.కె. గుప్తా ఇంగ్లిష్‌లో రాసిన జీవరసాయన శాస్త్రవేత్త ఎల్లాప్రగడ సుబ్బారావు గారి జీవిత చరిత్ర, ‘ఇన్ క్వెస్ట్ ఆఫ్ పనాసియా’ (1987) చెబుతాను. సుబ్బారావు గారు 1895లో భీమవరంలో పుట్టారు. హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్‌తో కలిసి రక్తంలో భాస్వరాన్ని కొలిచే పద్ధతి కనిపెట్టారు. లెడర్లీ అనే ఔషధ సంస్థలో ఆయన నడిపిన పరిశోధన నుంచి ఫోలిక్ యాసిడ్ సంశ్లేషణ, క్యాన్సర్‌కు వాడే మెథోట్రెక్సేట్, బోదకాలు నివారణకు మన ప్రభుత్వాలు ఇంటింటికీ పంచే డీఈసీ మాత్ర వచ్చాయి. ఊళ్లో ఆ మాత్ర మింగినవారిలో చాలామందికి దాని వెనుక ఒక భీమవరం మనిషి ఉన్నాడని తెలియదు. ఈ పుస్తకం ఆయన విజయాలతోపాటు వైఫల్యాలనూ చెబుతుంది. ఒక పెద్ద ప్రయోగశాలలో రకరకాల నైపుణ్యాలున్నవారిని ఒక ప్రశ్న చుట్టూ ఎలా నిలబెట్టవచ్చో చూపిస్తుంది కనుక, టీంలను నడిపేవారికి ఇది మేనేజ్‌మెంట్ పుస్తకం కంటే ఎక్కువ నేర్పుతుంది.

ప్రశ్న: పాత పుస్తకాలు కొంటే నష్టమా? కొత్తవి ఖరీదుగా ఉన్నాయి. (ఒక పాఠకుడు, కోఠి)

జవాబు: నష్టం లేదు, ముద్రణ చూసి కొనాలి. ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద వీటిలో కొన్ని కనబడుతుంటాయి. కెర్నిగాన్, రిచీల పుస్తకం 1988 నాటి రెండో ముద్రణ అయితేనే తీసుకోండి. మొదటిది సీ భాషకు ప్రామాణిక రూపం రాకముందు రాసినది కనుక అందులోని ఫంక్షన్ల రాత ఈనాటిది కాదు. బ్రూక్స్ పుస్తకంలో 1995 ముద్రణ కావాలి, నేను చెప్పిన వ్యాసం అందులోనే ఉంది. ఫౌలర్ ‘రీఫ్యాక్టరింగ్’ 1999 ముద్రణలో ఉదాహరణలు జావాలో, 2018 ముద్రణలో జావాస్క్రిప్ట్‌లో ఉంటాయి. మీరు పనిచేసే భాషకు ఏది దగ్గరైతే అది చాలు. ఫెదర్స్ పుస్తకం ఏ ప్రతి దొరికినా తీసుకోండి.